పగటి కథకు ఊ కొట్టినవారు

ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా పుస్తకంలోని చివరి ప్రకరణం నేను కాగితం మీద రాసింది కాదు. రాజమహేంద్రవరంలో ఒక అచ్చుకూటంలో, పట్టపగలు, నోటితో చెప్పాను. అప్పుడు నా మాటలకు ఊ కొట్టడానికి కూర్చున్న మనిషి ఒక్కరే. నాకు వినిపించిన గొంతులు రెండు.

పాలకొల్లులో మా ఆడపిల్లల బడికి ఈ ఉదయం కొత్త వాచకాల కట్ట వచ్చింది. కాలువ మీద మంచు ఇంకా విడలేదు. పడవ ఎక్కడ ఆగిందో కనిపించలేదు గాని, కట్ట దించుతున్న సరంగు గొంతు మాత్రం చెవి పక్కనే ఉన్నట్టు వినిపించింది. గోనెగుడ్డ విప్పగానే అవిసెనూనె, దీపపు మసి కలిసిన సిరా వాసన గుప్పుమంది. పిల్లలు పుస్తకాలు ముక్కుకు ఆనించుకుని ఒకరినొకరు తోసుకుంటూ నవ్వుకుంటున్నారు. నేను మాత్రం తల తిప్పి వెనక్కి చూశాను. ఆ వాసన వచ్చినప్పుడల్లా నా వెనక ఎవరో నిలబడి, తరవాతి మాట కోసం ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది. ఆ వాసనను నాకు పరిచయం చేసినవారు మంగతాయమ్మగారు. ఆవిడను ఎన్నడూ చూడనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

రాజమహేంద్రవరంలో కోటిలింగాల రేవుకు పోయే సందులో, పెరటి తలుపు తీస్తే నేరుగా గోదావరి కనిపించే పొడుగాటి పెంకుటిల్లు ఆవిడ అచ్చుకూటం. మా నాన్నగారు మిషన్ బడిలో మేష్టారు. అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. ఇంట్లో ఆయనా, నేనూ. నలుగురిలో నోరు విప్పాలంటే నాకు ప్రాణం మీదికి వచ్చేది. ప్రార్థనలో పాట పాడేటప్పుడు కూడా పెదవులు కదిలేవి గాని గొంతు బయటికి వచ్చేది కాదు. రోజూ చూసింది దినచర్యలో రాసుకోవడం, దొరికిన కాగితమల్లా చదవడం, అంతే నా లోకం. బడి కీర్తనల పుస్తకం అచ్చుకు ఇచ్చినప్పుడు తప్పులు దిద్దడానికి పనికొస్తానని నాన్నగారు నన్ను వెంటబెట్టుకుని వెళ్లారు.

సిరా మరకలు పడ్డ ముతక తెల్లచీర కట్టుకుని, నశ్యం పట్టు పట్టి, ఒక పెద్దావిడ మమ్మల్ని ఎగాదిగా చూశారు.

"మేష్టారూ, ఈ పిల్లకి నోరుందా?"

"చదువుతుందండి. మాట్లాడడమే తక్కువ," అన్నారు నాన్నగారు.

"చదివే నోరే నాక్కావాలి. మాట్లాడే నోరు నాకుందిగా. నీ పేరేంటమ్మా?"

నా పేరు నాన్నగారే చెప్పారు.

"శాంతమ్మా! బాగానే పెట్టారు. పిలిచినా పలకదు."

నాన్నగారు కాస్త తటపటాయించి, మా అమ్మాయి గుమ్మంలో కూర్చుని చదువుతుందండీ అన్నారు. మేము క్రైస్తవులం, ఎవరింట్లో ఎంతవరకు అడుగు పెట్టాలో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మంగతాయమ్మగారు చేతిలోని నశ్యం దులుపుకుని, "గుమ్మంలో వెలుతురు చాలదండీ. లోపలికి రమ్మనండి. అచ్చుకూటంలో ఎవరి చేతులు చూసినా నలుపే," అన్నారు. నా మంచినీళ్లకు మాత్రం ఒక చెంబు వేరుగా గూట్లో పెట్టి ఉండేది. ఆవిడ దాన్ని దాచలేదు. నేను దాని గురించి అడగలేదు.

అచ్చుతప్పులు పట్టుకోవడానికి అక్కడ ఒక పద్ధతి ఉండేది. కంపోజిటరు సుబ్బన్న సీసపు అక్షరాలు పేర్చి, సిరా పూసి, ఒక కాగితం మీద ముద్ర తీసి ఇస్తాడు. దాన్ని ప్రూఫు అంటారు. ఆ ప్రూఫును నేను పైకి చదవాలి. రచయిత చేతిరాత ప్రతిని మంగతాయమ్మగారు కిటికీ దగ్గర పట్టుకుని చూస్తూ వింటారు. ఆవిడ కంటికి చిన్న అచ్చు ఆనేది కాదు, చేతిరాత ఆనేది. నేను చదివింది ప్రతితో సరిపోతే "ఊ" అంటారు. ఊ రాకపోతే అక్కడ తప్పు ఉన్నట్టు. ఊ వినిపించేదాకా తరవాతి మాట చదవకూడదు. ఈ పనంతా పగటి వెలుతురులోనే జరగాలి. దీపం దగ్గర సున్నాకూ చుక్కకూ తేడా తెలియదని ఆవిడ అనేవారు.

మొదటి రోజు నా గొంతు నాకే వినిపించలేదు. నేను ఒక వాక్యం చదివి ఊరుకున్నాను. ఆవిడా ఊరుకున్నారు. ఎక్కడ తప్పుందోనని ఆ వాక్యాన్ని మళ్లీ మళ్లీ వెతికాను. చివరికి "తప్పేమీ లేదండి," అన్నాను.

"తప్పు కాగితంలో లేదమ్మా, నీ గొంతులో ఉంది. నువ్వు చదివింది నాదాకా రాలేదు. వినబడని దానికి ఊ ఎలా కొట్టను?"

అలా ఒక్కొక్క ఊ కోసం గొంతు పెంచుకుంటూ పోయాను. కొన్నాళ్లకు నా గొంతు కిటికీ దాకా, ఆ తరవాత పెరటి తలుపు దాకా వెళ్లింది. నాకు మాట వచ్చింది తల్లి ఒడిలో కాదు, ఆ కిటికీ పక్కన. కీర్తనల పుస్తకం అయిపోయినా నన్ను రమ్మన్నారు. పంచాంగాలు, కోర్టు ప్రకటనలు, శుభలేఖలు, నాటకాల కరపత్రాలు, ఏది వచ్చినా చదివాను. ఒక్క కథల పుస్తకం మాత్రం రాలేదు. ఎవరైనా తెచ్చినా ఆవిడ ముఖం చూడకుండానే పంపేసేవారు.

పగలు కథ చెబితే దారిన పోయేవాళ్లు దారి తప్పుతారని మా వైపు ఒక మాట ఉంది. పిల్లలు మధ్యాహ్నం పూట కథ చెప్పమని మారాం చేస్తే పెద్దవాళ్లు ఇదే అని కసురుకుంటారు. మిగతావాళ్లకు అది పిల్లల నోరు మూయించే మాట. మంగతాయమ్మగారికి అలా కాదని నాకు మెల్లగా తెలిసింది. గది మూల బల్ల మీద, తాడుతో గట్టిగా కట్టిన ఒక పేజీ అక్షరాలు దుమ్ము పట్టి ఉండేవి. అచ్చు అయ్యాక అక్షరాలన్నీ విడదీసి దేని గడిలో దాన్ని వెయ్యడం అచ్చుకూటంలో రివాజు. ఆ పేజీని మాత్రం ఎవరూ విప్పలేదు.

"క గుణింతం సగం అందులోనే ఉండిపోయిందండీ చిన్నమ్మగారూ," అని సుబ్బన్న వక్క నములుతూ గొణిగేవాడు. "కాకినాడ అని వెయ్యాలంటే పొరుగు అచ్చుకూటం వాళ్ల కాళ్లు పట్టుకోవాలి. అమ్మగారితో అనకండి. దాని జోలికి వెళితే ఆవిడ మనిషి కాదు."

ఇంకొకటి కూడా నేను గమనించాను. ఆవిడ బొట్టు పెట్టుకునేవారు కాదు. కాలికి మెట్టెలు మాత్రం తీసేవారు కాదు. ఒకసారి శుభలేఖలకు వచ్చిన ఒక ముసలమ్మ ఆ కాళ్లకేసి చూసి, "నువ్వు ముత్తయిదువవా, కాదా తల్లీ?" అని అడిగేసింది. మంగతాయమ్మగారు తల ఎత్తకుండానే, "నాకూ ఎవరూ చెప్పలేదండీ. తెలిస్తే మీకు కబురు పెడతాను," అన్నారు.

ఆ రోజుల్లోనే నేను రహస్యంగా ఒక నవల రాస్తున్నాను. దాని పేరు "మడుగు కింది పట్నం". గోదావరి మడుగు అడుగున ఒక పట్నం ఉంటుంది. దారి తప్పిన వాళ్లందరూ అక్కడికే చేరతారు. వాళ్ల పాదాలు ఎప్పుడూ తడిగా ఉంటాయి. గట్టు మీద ఎవరైనా వాళ్ల కథను చివరిదాకా చెబితేనే పైకి వచ్చే మెట్లు వాళ్లకు కనిపిస్తాయి. పడవవాడి కూతురు ఒకతె వాళ్ల కోసం ఆ నీళ్లలోకి దిగుతుంది. జరగనిది జరిగినట్టు రాస్తే అది అబద్ధమేనని నాన్నగారు అంటారు కనుక ఇంట్లో రాసే ధైర్యం లేకపోయింది. ప్రూఫులు ఆరేలోగా అచ్చుకూటం అరుగు మీద రాసుకునేదాన్ని.

ఒక వేసవి మధ్యాహ్నం నీళ్లు తాగి వచ్చేసరికి నా కాగితాలు మంగతాయమ్మగారి చేతిలో ఉన్నాయి. కిటికీ దగ్గర నిలబడి చదువుతున్నారు. ఎండకు నది అంతా తెల్లగా మరుగుతోంది. సందులో కుక్క కూడా కదలడం లేదు. ఆవిడ పెదవుల మీద వేలు పెట్టుకుని, చదివిన ముక్కే మళ్లీ చదువుతున్నారు. ఏ ముక్క అది అని దగ్గరికి వెళ్లి చూశాను. ఆ పట్నం వీధుల్లో చంకలో పెట్టె పెట్టుకుని ఆగకుండా నడిచే మనిషి గురించి. పెట్టె ఎందుకు దించవు అని అడిగితే, దించితే లోపలివి చెదిరిపోతాయి అంటాడు. లోపల ఏమున్నాయో నేను రాయలేదు. నాకూ తెలియదు.

"ఈయన సంగతి నీకెవరు చెప్పారు? సుబ్బన్నా?"

"ఎవరూ చెప్పలేదండి. ఊరికే తోచింది."

"ఊరికే తోచిందా," అని ఆవిడ చాలాసేపు నా ముఖంలోకి చూశారు. ఆ తరవాత కూలబడి చెప్పారు. అచ్చుకూటం పెట్టింది ఆవిడ భర్త. చెన్నపట్నం నుంచి ఓడ మీద కాకినాడకు వచ్చిన కొత్త అక్షరాల పెట్టెను తెచ్చుకోవడానికి వెళ్లారు. కాలువ పడవలో తిరిగి వస్తూ లాకుల దగ్గర దిగారు. లాకులో నీళ్లు నిండి పడవ కదిలేసరికి ఆలస్యమవుతుంది, ఈలోగా గట్టున నడుస్తాను, మలుపు దగ్గర ఎక్కుతానన్నారు. పెట్టె మాత్రం పడవలో వదలలేదు. చంకలోనే ఉంది. మలుపు దగ్గర ఆయన లేరు. కాలువ గాలించారు, ఊళ్లు గాలించారు. మనిషీ దొరకలేదు, పెట్టె దొరకలేదు.

"సరిగ్గా ఆ వేళకి ఇక్కడ మేం కథల పుస్తకం ప్రూఫు చదువుతున్నాం. నేను చదవడం, సుబ్బన్న ఊ కొట్టడం. మిట్టమధ్యాహ్నం. వాక్యం మధ్యలో ఎవరో పిలిస్తే ఆపి లేచాను. మళ్లీ కూర్చోలేదు. ఆ పేజీయే అదిగో, తాడు కట్టి ఉన్నది." ఆవిడ మూలకేసి చూడకుండానే చెయ్యి చూపించారు. "ఏళ్లు గడిచాక దర్భలతో బొమ్మ చేసి కర్మ కానిచ్చేద్దామన్నారు మావాళ్లు. వద్దన్నాను. బతికి ఉంటే బతికున్నవాడికి కర్మ చేసినట్టు. పోయి ఉంటే... ఏమో."

నేను కాగితాలు చించేస్తానన్నాను. ఆవిడ ఇవ్వలేదు. సుబ్బన్నను పిలిచి, "ఇది అచ్చు వేద్దాం," అన్నారు.

సుబ్బన్న నోట్లో వక్క ఆగిపోయింది. "కథలు వద్దన్నారు కదండీ అమ్మగారూ! అందులోనూ పద్యం ఒక్కటీ లేదు. పద్యం లేని పుస్తకం ఉప్పు లేని పప్పండి."

"నువ్వు తిననక్కర్లేదు, పేర్చు. అమ్మాయీ, నీ దగ్గర సొమ్ము లేదు, నా దగ్గర కళ్లు లేవు. నువ్వు నా ప్రూఫులు చదువు, నేను నీ పుస్తకం వేస్తాను. కాగితం నాది, కథ నీది." కాగితాలు తిరగేసి, "దీనికి చివర ఏదమ్మా?" అన్నారు.

"రాస్తానండి," అన్నాను.

వర్షాలు వచ్చి వెళ్లాయి. గోదావరి ఎర్రబడి, మళ్లీ తేరుకుంది. మిగతా పనుల మధ్య తీరిక దొరికినప్పుడల్లా నా పుస్తకం కొంచెం కొంచెంగా అచ్చవుతూ వచ్చింది. చివర మాత్రం నాకు తోచలేదు. రోజుకొక విధంగా రాసి చించేసేదాన్ని. పెట్టె మనిషి ఎవరో తెలిశాక అతని దగ్గరికి వచ్చేసరికి కలం పక్కన పెట్టేసేదాన్ని.

క్రిస్మసు వెళ్లాక నాన్నగారు కొవ్వూరు వైపు పల్లెల్లో ప్రార్థనలకు వెళ్లారు. తిరిగి వచ్చే రోజు పొద్దున్న లేచేసరికి సందులో ఎదుటి గోడ కనిపించలేదు. అలాంటి మంచు నేను ఎన్నడూ చూడలేదు. అచ్చుకూటానికి చేరేసరికి నా చీర తడిసిపోయింది. పొద్దెక్కుతున్నా వెలుతురు రాలేదు గాని ఒక తెల్లదనం గదిలోకి వచ్చి, కాగితం ఏదో గోడ ఏదో తెలియకుండా చేసింది. ఆ వెలుతురులోనే చివరి పేజీల ప్రూఫు చదవడానికి కూర్చున్నాం. అప్పటికి నేను రాసినంత మేరకే అది ఉంది.

కాసేపటికి సుబ్బన్న రేవు నుంచి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"కొవ్వూరు పడవ తెల్లవారకముందే కదిలిందటండీ. ఇంకా రాలేదు. రేవులో ఎంత కేకేసినా అవతల నుంచి జవాబు లేదు. మేష్టారు..." అని ఆగాడు.

అతను చెప్పనిది నాకు అర్థమైంది. మంచులో దిక్కు తెలియని పడవ ఇసుక తిప్పకు తగిలి తలకిందులు కావచ్చు. లేదా వాలుకు కొట్టుకుపోయి ధవళేశ్వరం ఆనకట్ట మీద పడవచ్చు. ప్రూఫు పక్కన పడేసి, లేచి రేవుకు పరుగెత్తబోయాను. మంగతాయమ్మగారు నా మణికట్టు పట్టుకున్నారు. అంతకుముందు ఎన్నడూ ఆవిడ నన్ను తాకలేదు.

"కూర్చో. చదువు."

"నాన్నగారండీ... పగలు కథ చదివాం..."

"ఇన్నేళ్లూ నేనూ అదే అనుకున్నానమ్మా. పగలు చదివినందుకు పోయారని. కాదు. మధ్యలో ఆపినందుకు. కథ సగంలో ఆగితే అందులో ఉన్న మనిషి ఎటు పోతాడు? ముందుకూ లేదు, వెనక్కూ లేదు. నువ్వు ఆపకు." ఆవిడ లేచి వెళ్లి నది వైపు తలుపు రెండు రెక్కలూ బార్లా తీశారు. మంచు గడప దాటి లోపలికి వచ్చింది. "గట్టిగా చదువు. రేవు దాకా వినబడాలి."

చదివాను. ఏడుస్తూ చదివాను. ప్రతి వాక్యానికీ ఊ అన్నారు. ప్రూఫు అయిపోయింది.

"తరవాత?"

"రాయలేదండి."

"చెప్పు. సుబ్బన్న నీ నోటి నుంచే పేరుస్తాడు."

ఒకప్పుడు పాటలో కూడా గొంతు విప్పలేని నేను, తెరిచిన తలుపు ముందు నిలబడి, ఏమీ కనిపించని నది వైపు తిరిగి కథ చెప్పాను. పడవవాడి కూతురు మడుగు కింది వీధుల్లో ఒక్కొక్కరినీ ఆపి వాళ్ల కథ వాళ్లకు చెబుతుంది. కథ పూర్తయిన వాళ్లకు మెట్లు కనిపిస్తాయి. తడి పాదాలతో ఒక్కొక్కరే ఎక్కుతారు. నా వెనక సీసపు అక్షరాలు టక్ టక్‌మని పడుతున్నాయి. కుడి పక్క నుంచి మంగతాయమ్మగారి "ఊ". కొంతసేపటికి, ఆవిడ ఊ అన్న వెంటనే, ఎదురుగా మంచులో నుంచి ఇంకొక "ఊ". మెత్తగా, అలసిపోయినట్టు. గోడకు తగిలి వచ్చే ప్రతిధ్వనేమో అనుకుందామంటే ఎదురుగా గోడ లేదు. ఆవిడ గొంతు సన్నం, ఆ గొంతు సన్నం కాదు. ఒకసారి ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగారు. ఆ వాక్యానికి అటు నుంచి ఒక్క ఊయే వచ్చింది. అయినా నేను ఆపలేదు.

అందరూ ఎక్కేశారు. పెట్టె మనిషి ఒక్కడే మిగిలాడు. అతని పెట్టెలో ఏముందో ఇప్పుడు నాకు తెలుసు. అందుకే నోరు రాలేదు. పక్కన ఆయన భార్య కూర్చుని ఉండగా ఆయన్ని గట్టెక్కించడానికి నేనెవర్ని? "పెట్టె మనిషి మాత్రం ఇంకా ఆ వీధిలోనే నడుస్తున్నాడు," అని చెప్పి ఊరుకున్నాను. ఆ వాక్యానికి ఊ రాలేదు. ఏ వైపు నుంచీ రాలేదు.

ఆ నిశ్శబ్దంలో పెరటి మెట్ల కింద పడవ రాయికి గుద్దుకున్న చప్పుడు వినిపించింది. తరవాత మా నాన్నగారి దగ్గు.

ఆయన మెట్లెక్కి వచ్చేసరికి మీసాల నుంచి కూడా నీళ్లు కారుతున్నాయి. నేను ఆయన కాళ్ల దగ్గర కూలబడ్డాను. సుబ్బన్న గోనె తెచ్చి ఆయన భుజాల మీద కప్పాడు.

"సరంగు దిక్కు తప్పాడండీ," అన్నారు నాన్నగారు పళ్లు కటకటలాడుతుండగా. "ఆనకట్ట హోరు వినబడేదాకా వెళ్లిపోయాం. ఇంతలో ఎవరో కథ చెబుతున్నట్టు ఆడగొంతు. మాటలు తెలియలేదు. మధ్యమధ్యలో మగగొంతు ఒకటి ఊ కొడుతోంది. అది బాగా దగ్గరగా ఉంది. గట్టున ఎవరో మాకు ముందుగా నడుస్తున్నట్టే ఉంది. సరంగు ఆ ఊ వెంటే తెడ్డు వేశాడు. నువ్వేనా సుబ్బన్నా?"

"నేను నోరు విప్పలేదండి బాబూ," అన్నాడు సుబ్బన్న. "నోటి నిండా వక్క."

మంగతాయమ్మగారు తన కాళ్ల మెట్టెలకేసి చూసుకుంటూ ఉండిపోయారు. నువ్వు విన్నావా అని నన్నెవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

"ఎవరిదమ్మా ఆ కథ?" అన్నారు నాన్నగారు నాతో.

"నాదే నాన్నగారూ."

నేను తిట్టు కోసం ఎదురుచూశాను. అబద్ధాలు రాశావా అని అడుగుతారనుకున్నాను. ఆయన తడి చేత్తో ప్రూఫు కాగితం తీసుకుని, సగం చదివి, జాగ్రత్తగా బల్ల మీద పెట్టారు. "అబద్ధం పట్టుకుని ఎవరూ ఒడ్డుకు రారమ్మా," అన్నారు. అంతకు మించి ఆ విషయం మా ఇంట్లో ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ముఖపత్రం మీద "ఒక స్త్రీ రచించినది" అని వేయించుకుందామనుకున్నాను. మంగతాయమ్మగారు ఒప్పుకోలేదు. "ఎవరు చెబుతున్నారో తెలియని కథకి ఊ ఎవరు కొడతారే?" అని నా పూర్తి పేరు పెద్ద అక్షరాల్లో పెట్టించారు. సందులోని ఆడవాళ్లు కూర్చుని పుస్తకాలు కుట్టారు. ఊళ్లో ఒక శాస్త్రిగారు, "ఆడపిల్ల, అందులో కిరస్తానీ పిల్ల, అందులో వచనం, అందులో దయ్యాలు," అని వేళ్లు మడిచారట. అది విని మంగతాయమ్మగారు, "చదవకుండా ఇన్ని ఎలా కనిపెట్టారో అడిగిరా," అని సుబ్బన్నను నిజంగానే పంపించారు. రేవులో సరంగులు మాత్రం నన్ను చూస్తే తలపాగా తీసేవారు. చివరి వాక్యం మార్చమంటారా అని ఆవిడను చాలాసార్లు అడుగుదామనుకున్నాను. ఆ పుస్తకంలో ఊ పడకుండా అచ్చయిన వాక్యం అది ఒక్కటే.

నాకు పాలకొల్లులో ఉద్యోగం వచ్చింది. కొన్నాళ్ల తరవాత ఒక చలికాలం, అమ్మగారికి బాగాలేదు, రమ్మంటున్నారని సుబ్బన్న కబురు పంపాడు. కాలువ పడవలో వెళ్లాను. లాకుల దగ్గర పడవ ఆగినంతసేపూ గట్టు మీద నడిచేవాళ్లనే చూస్తూ కూర్చున్నాను.

ఆవిడ మంచం అచ్చుకూటంలోనే, కిటికీ దగ్గర వేయించుకున్నారు. యంత్రం మీద గుడ్డ కప్పి ఉంది. మనిషి గుప్పెడైపోయారు. నన్ను చూడగానే దాహం అన్నారు. నేను సుబ్బన్న కోసం చూశాను. "వాడెందుకు? నువ్వే పొయ్యి," అన్నారు. గూట్లో నా చెంబు ఒక్కటే ఉంది. దానితోనే పోశాను. గొంతు కదలడం కనిపించింది. తాగి, మూల బల్లకేసి చెయ్యి చూపించారు.

తాడు కట్టిన పేజీని తెచ్చి, కొంగుతో దుమ్ము తుడిచాను. సీసపు అక్షరాలు తిరగబడి ఉంటాయి. అద్దంలో చూసినట్టు చదవాలి. తడుముకుంటూ చదివాను. ఎవరో రాజకుమారుడు అడవిలో గుర్రం దిగి, ఇంటిదారి పట్టాడు. అక్కడ వాక్యం సగంలో ఆగిపోయింది. ప్రతి మాటకూ ఆవిడ ఊ అన్నారు. ఆగినచోట కళ్లు తెరిచి నాకేసి చూశారు. కిటికీ బయట మధ్యాహ్నపు నది తెల్లగా, కదలకుండా ఉంది.

ఆ రాజకుమారుడి కథ నాకు తెలియదు. చంకలో పెట్టె పెట్టుకుని లాకుల దగ్గర పడవ దిగిన మనిషి గురించి చెప్పాను. గట్టున తుమ్మచెట్ల నీడ గురించి చెప్పాను. దూరం నుంచి ఎవరో కథ చదువుతుంటే విని ఆగాడని, సగంలో అది ఆగిపోతే ఏ వైపు వెళ్లాలో తెలియక నిలబడిపోయాడని చెప్పాను. ఇప్పుడు మళ్లీ ఆ గొంతు వినిపిస్తోందని, పెట్టె భుజం మార్చుకుని కదిలాడని చెప్పాను. ధవళేశ్వరం దాటించాను. ఊరి పొలిమేరకు తెచ్చాను. సందు మొదలు దాకా తెచ్చాను. ఆవిడ ఊ సన్నబడుతూ సన్నబడుతూ వచ్చి ఆగిపోయింది. నిద్రపట్టిందనుకుని నేనూ ఆగాను. అప్పుడు, పెరటి తలుపు వైపు నుంచి, నాకు తెలిసిన ఆ రెండో ఊ వినిపించింది.

ఆవిడ వెళ్లిపోయాక కూడా, ఇప్పటికీ, ఆ కథ నా దగ్గర పూర్తి కాలేదు. మంచు పట్టిన ఉదయాల్లో పాఠం పక్కన పెట్టి, కాలువ వైపు కిటికీ తీసి, పిల్లలకు పగలే కథ చెబుతాను. వాళ్ల ఇళ్లలో పెద్దవాళ్లు తప్పు పడతారని తెలుసు. మొదలుపెట్టిన కథ మాత్రం సగంలో ఆపను. గంట కొట్టినా, ఎవరు పిలిచినా ఆపను. ఆ రోజు మంచం పక్కన నేను కథ ఆపినప్పుడు మంగతాయమ్మగారు కళ్లు తెరవకుండానే నా చెయ్యి వెతికి పట్టుకున్నారు. గొంతు నాదాకా రావడానికి ఆవిడ ఎంత శ్రమపడ్డారో ఆ పట్టులో తెలిసింది.

"ఆపకమ్మా," అన్నారు. "ఆయన ఇంకా నడుస్తూనే ఉన్నారు."